దారం కట్టిన చిక్కుడుకాయలు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెల ఒక మంగళవారం పొద్దుగాల కన్నుమూసింది. మీరెవరూ ఆమెను ఎరగరు. మట్టెవాడల మా రెండిండ్లకు నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. చుట్టరికం ఏం లేదు. అయినా ఇరవై ఏండ్లసంది నాకు ఆమె పెద్దమ్మనే.

ఆమె పెరట్ల చిక్కుడు పందిరి ఉంది. వెడల్పు కాయ, అంచుకు ఊదారంగు. కేసముద్రం దిక్కు ఆమె తల్లిగారి ఊరి విత్తనం. ఇప్పుడు ఆ ఊర్ల గూడ ఎవరి దగ్గరా లేదు. తొలికాపుల మంచి కాయలు ఏరి, ఎర్రదారం కట్టి, తీగ మీదనే ఎండనిచ్చేది. నేను నోరూరి చెయ్యి చాపితే, "ముందుగాల విత్తనానికి, తర్వాత మన కడుపుకు," అనేది. ఆఖరు కాపుల గింజ సన్నబడ్తది, మొక్క బలంగ రాదు అని ఆమె లెక్క.

పోయినేడు విత్తంగ మిగిలిన గింజలు దాచమని నాకిచ్చింది. నేను బంగ్ల మీద మిట్టమధ్యాహ్నం ఎండకు పోసి, కాలుతుండంగనే ప్లాస్టిక్ డబ్బల పోసి మూత బిగించిన. నెలకు తీసి చూస్తే లోపలంత చెమ్మ, గింజ గింజకు పురుగు బొక్క. ఆమె తిట్టలే. "పొద్దుటి ఎండ చాలు బిడ్డా. చల్లారినంక బూడిద కలిపి పెట్టాలె. దానికీ పానం ఉంటది గద," అన్నది. నాకైతే తల కొట్టేసినట్టయింది.

అంతకన్న పెద్ద తప్పు ఈ చలికాలం చేసిన. పెద్దమ్మ దవాఖానల ఉంది. నోటికి ఏం సయిస్తలేదు, చిక్కుడుకాయ కూర తినబుద్దయితాంది అన్నదని ఆమె కోడలు చెప్పింది. పందిరి మీద కూరకు అక్కరకొచ్చేటివి దారం కట్టినవే, ఇంకా పచ్చిగ ఉన్నయ్. మనిషి కన్న విత్తనం ఎక్కువనా అనుకొని దారాలు తెంపి, అన్నీ వండి పట్టుకపోయిన.

రెండు ముద్దలు తిని, గింజను వేళ్ల నడుమ వత్తి చూసింది. "దారం కట్టినయేనా?"

తల వంచుకున్న.

"బాగున్నయ్ తియ్. జర ఉప్పు తక్కువైంది," అని గిన్నె ఖాళీ చేసింది. ఏనాడూ నన్ను చిన్నబుచ్చలే ఆమె. అందుకే నాకింత దుఃఖం.

ఇంటికొచ్చినంక పెద్దమ్మ పందిరి కింద కుర్చీ వేయించుకుంది. అప్పటికి మిగిలింది ఆఖరు పూతనే. గోడ మీదికి పాకిన కొమ్మకు నాలుగు పిందెలు చూపిచ్చి, మిగిలిన పూతంత నాతోని తెంపించింది. "తీగ బలమంత వీటికే పోవాలె," అన్నది. అవి ఎండకముందే ఆమె పోయింది.

పదకొండో దినానికి టెంటు వేయాలె, పందిరి పీకేద్దామన్నడు ఆమె కొడుకు. సావింట్ల గొంతు లేపొద్దని నాకు తెలువదా? అయినా ఆగలేకపోయిన. "అది మీ అమ్మ విత్తనం తమ్మీ. ఎండేదాక ముట్టకు," అన్న. అతను టెంటు గల్లీల వేయించిండు. బండ్లు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చినా ఎవరూ ఏమనలే.

నిన్న పొద్దున ఆ నాలుగు కాయలు తెంపి, గోడకు మా దిక్కు నిలబడే ఒలిచిన. పదమూడు గింజలు. రెండు ముడుతలు పడ్డయ్, మిగిలినయ్ నిండుగున్నయ్. సంబురం ఆపుకోలేక గోడ మీంచి పిలిచిన, "పెద్దమ్మా, గింజలొచ్చినయ్" అని.

పిలిచినంక గాని నాకు యాదికి రాలే.

అంట్లు తోముతున్న కోడలు లేచింది. చేతుల తడి కొంగుకు తుడుచుకొని, గోడ దగ్గరికొచ్చి దోసిలి పట్టింది.