పట్టాభిరామయ్య సారు కునుకు

మా పట్టాభిరామయ్య సారుకు ఒక్కటే జబ్బు. ఎదురుగ మొగుడు పెండ్లాలు కొట్లాడుతుంటే ఆయనకు నిద్రొస్తది. కాపురాలు నిలబెట్టుడే ఆయన పని. మదీనాగూడల మందుల షాపు మీద కౌన్సెలింగ్ సెంటరు, రిసెప్షన్‌ల నేను. మూసాపేట నుంచి బస్సుల నిలబడి వచ్చేసరికి నాకే కండ్లు మూతలు పడ్తయి. కానీ నిద్రపోయే ఉద్యోగం నాకు రాలే, ఆయనకొచ్చింది.

వచ్చేటోళ్ళంత సినిమాలు చూసి వస్తరు. సినిమాల కౌన్సెలర్ అంటే అద్దాల గది, తెల్ల సోఫా. కండ్లద్దాలు తీసి ఒక్క డైలాగు కొడ్తడు, వెనక వయొలిన్ మోగుతది, ఇద్దరు ఏడ్సుకుంట కావలించుకుంటరు. మా దగ్గర వయొలిన్ లేదు, గురక ఉన్నది.

ఒకామె బయటకొచ్చి నన్ను నిలదీసింది. "మీ సారు ఒక్క ప్రశ్న అడగలేదండీ. మా అత్తగారి సంగతి ఎత్తగానే తల వాల్చేశారు."

"అత్తగారి దాంక మేల్కొనే ఉన్నరా? మీది మంచిగనే విన్నరు మేడమ్. నిన్నటోళ్ళు పేర్లు చెప్పేలోపే అయిపోయింది."

సారుకు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. "జర కాఫీ తాగి కూసోండ్రి సార్. నిద్రమాత్రలు అమ్మెటోడు కింద ఉండగ మీకెందుకు పోటీ?"

"ప్రయత్నిస్తానమ్మా రేణుకా," అనేటోడు. లోపలికి పోతే మళ్ళ అదే కథ.

మొన్న యశ్వంత్, నవ్య అని ఒక జంట వచ్చింది. ఇద్దరిది సాఫ్ట్‌వేరే. ఆమెకు పగలు డ్యూటీ, అతనికి రాత్రి. ఈమె ఇంటికొచ్చే టైముకు ఆయన క్యాబ్ ఎక్కుతడు. వకీలును సుత మాట్లాడుకున్నరు. ప్రగతి నగర్‌ల ఆమె వేరే ఇల్లు కిరాయికి చూసుకున్నది, ఆదివారం సామాను తీస్కపోతదంట. నవ్య వాళ్ళమ్మ బతిమాలితే ఆఖరుసారని మా మెట్లెక్కిండ్రు. కండ్ల కింద నల్లగైన ఆ ఇద్దరిని చూస్తే నాకు పానం కలుక్కుమన్నది. ఈ ఒక్కపూట పడుకోకుండ్రి అని సారుకు దండం పెట్టిన.

అడ్డం చెక్కగోడే కాబట్టి లోపలి మాటలన్నీ నాకు వినబడ్తయి.

"పాలు తెమ్మని మెసేజ్ పెడతావు. అదేనా సంసారం?" అన్నది నవ్య.

"నువ్వు మేలుకునుంటే కదా నోటితో చెప్పేది?" అన్నడు యశ్వంత్.

అంతల గురక మొదలైంది. నేను తల పట్టుకున్న.

"నిద్రపోయినాడే ఈయన," అన్నడు యశ్వంత్.

"మెల్లగా మాట్లాడు, పెద్దాయన."

"లేపుదామా?"

"వద్దులే పాపం. ఆ ఏసీ తగ్గించు, చలికి ముడుచుకున్నారు."

గొంతులు తగ్గినయి. గుసగుసలే ఇగ. ఒకసారి నవ్య ఏడ్సినట్టు, ఒకసారి ఇద్దరు నవ్వినట్టు అనిపించింది. ఆనక అదీ ఆగింది. ఏమైందో అని పరేషాన్ అయి తలుపు సందుల కెళ్ళి తొంగి చూసిన. సోఫాల ఇద్దరు నిద్రపోతున్నరు. ఆమె తల అతని భుజం మీద, అతని తల ఆమె తల మీద. సారు మాత్రం కుర్చీల నిటారుగ కూసుని, కండ్లు తెరిచి, గురక పెడ్తున్నడు.

నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టిండు. గురక మెల్లమెల్లగ తగ్గించుకుంట, చెప్పులు చేతుల పట్టుకొని బయటకొచ్చిండు.

"ఎప్పటి సంది సార్ ఈ నాటకం?"

"నాకు పగలు నిద్ర పట్టదమ్మా. నేను మేలుకునుంటే ఒకళ్ళ మీద ఒకళ్ళు నాకు చెప్తారు. నేను పడుకుంటే ఇంకెవరితో చెప్పుకుంటారు?"

కోపమొచ్చింది, ఆయన తరఫున ఎన్ని మాటలు పడ్డనని. నవ్వు సుత ఆగలే.

"మరి వాళ్ళను లేపాల్నా?"

"లేపకు. ఇద్దరూ ఒకేసారి పడుకుని ఎన్నాళ్ళయిందో."

సాయంత్రం తలుపు చప్పుడు కాంగనే సారు నా పక్క కుర్చీల కూలబడి కండ్లు మూసిండు. నవ్య ఫోన్ల ఎవరికో చెప్తున్నది, "ఆదివారం రావట్లేదండీ, ఇల్లు వేరేవాళ్ళకిచ్చేయండి," అని. యశ్వంత్ సారును చూసి, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించిండు.

"ఏమనుకోవద్దు మేడం. ఈయన్ని మంచి డాక్టరుకు చూపించండి."

వాళ్ళు దిగుతుంటే, ఇంకో జంట అరుచుకుంట మెట్లెక్కుతున్నది. నేను ఎదురుపోయి నిలబడ్డ.

"జర మెల్లగ. సారు పడుకున్నరు."