సువార్తమ్మ ఇచ్చిన దశమ భాగం

2023 వేసవి. నూజివీడు బస్టాండుకు దగ్గర్లో మా మెడికల్ షాపు. మా నాన్నది మామిడికాయల వ్యాపారం. ఇంట్లో ఫార్మసీ చదివింది నేనొక్కణ్ణే కావడంతో ఇరవై ఏళ్ళ పైగా ఈ కౌంటరు వెనకే ఉన్నాను. డాక్టరుకు తెలిసినంత నాకు తెలియదు గానీ, ఎవరు మందు మానేశారో మాత్రం అందరికన్నా ముందు మందుల షాపువాడికే తెలుస్తుంది.

ముసునూరు వైపు ఒక పల్లె నుంచి సువార్తమ్మ అనే ఆవిడ వచ్చేది. యాభై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. సీజన్లో మామిడికాయల గ్రేడింగుకు, అంటే సైజునుబట్టి, మచ్చనుబట్టి కాయలను వేరుచేసే పనికి వెళ్ళేది. మిగతా రోజుల్లో ఏ కూలి దొరికితే అది. సుగరు బాగా ఎక్కువ. రెండు పూటలా ఇన్సులిన్ చేసుకోవాలి. వయల్ అనే చిన్న గాజు సీసాలో వస్తుంది ఆ మందు. ఆవిడ మోతాదుకు ఒక సీసా పన్నెండు రోజులు. నెలకు రెండో మూడో పట్టుకెళ్ళేది.

ఆ ఏడాది ఆవిడ పనిచేసే తోటలో కాపు సరిగ్గా లేదు. పని సగానికి పడిపోయింది. మే నెలలో ఒక్క సీసానే అడిగింది. ఎందుకని అడిగితే, సుగరు తగ్గిందని చెప్పింది. అంత తేలిగ్గా తగ్గే సుగరు కాదని నాకు తెలుసు. కౌంటరు ముందు ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఇచ్చి పంపేశాను. జూన్లోనూ ఒక్కటే.

జులైలో కుడికాలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. విప్పించి చూస్తే బొటనవేలు నల్లబడి వాసన వేస్తోంది. నొప్పేమీ లేదంది. సుగరు ముదిరితే నరాలు మొద్దుబారతాయి. పుండు కుళ్ళుతున్నా మనిషికి తెలియదు.

"ఒక పూటే చేసుకుంటున్నావు కదమ్మా?" అన్నాను.

గుడ్డ మళ్ళీ కాలికి చుట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, "దశమ భాగం ముందే తీసి పక్కన పెట్టేస్తానండి. మిగిలిన దాంట్లోనే బియ్యమూ, మందూ," అంది.

వచ్చిన దాంట్లో పదో వంతు చర్చికి ఇవ్వడాన్ని వాళ్ళు దశమ భాగం అంటారు. ఈ రెండు నెలలూ ఆపితే ఏమవుతుందని అడిగాను.

"దేవుడి సొమ్ము వాడుకున్నట్టే కదండీ. ఆయన తప్ప నాకెవరున్నారు?"

ఏడుపేమీ లేదు ఆ గొంతులో. అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళమన్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్తానని, ఆ నెలకూ ఒక్క సీసానే తీసుకుని వెళ్ళింది. అంతకుమించి నేనేమీ చేయలేదు.

పక్కింటివాళ్ళు విజయవాడ తీసుకెళ్ళేసరికి విషం మోకాలిదాకా పాకింది. కాలు తీసేశారు. అయినా రక్తంలోకి ఎక్కిన ఇన్ఫెక్షన్ తగ్గలేదు. ఆగస్టు మొదట్లో చనిపోయింది.

సమాధి చేసిన వారానికి వాళ్ళ పాస్టరు గారు షాపుకు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. చెమటకు తడిసిన తెల్ల చొక్కా, చేతిలో ఒక ఇన్సులిన్ సీసా. సువార్తమ్మ ఇంట్లో నీళ్ళకుండ పక్కన తడిగుడ్డలో చుట్టి ఉందట, సీలు కూడా తీయలేదు. ఎవరైనా లేనివాళ్ళకు ఇమ్మన్నారు. తయారైనప్పటి నుంచి వాడేదాకా చల్లదనం తప్పకూడదు ఆ మందుకు. కోల్డ్ చైన్ అంటాం. అది తెగిపోయింది కాబట్టి ఇక ఎవరికీ ఇవ్వలేమని చెప్పాను. చెబుతుండగానే అన్ని రోజులుగా కడుపులో ఉన్న కోపం బయటికొచ్చింది.

"మీ దశమ భాగమే ఆవిణ్ణి చంపిందండీ."

ఆయనకు కోపం రాలేదు. స్టూలు మీద కూలబడి, సీసా వంక చూస్తూ మాట్లాడారు.

"పదో వంతు ఇవ్వకపోతే దేవుణ్ణి దోచుకున్నట్టేనని చెప్పింది నేనేనండి. ఆమె ముందు వరుసలో కూర్చుని విన్నది. ఆ పదో వంతులోంచి విధవరాళ్ళు తిని తృప్తి పొందాలని కూడా అదే గ్రంథంలో ఉంది. అది నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె ఇవ్వాల్సిన మనిషి కాదండి, పుచ్చుకోవాల్సిన మనిషి."

వెళ్ళబోతూ ఆయనొక మాట అడిగారు. దెప్పిపొడవడం కాదు, నిజంగానే తెలియక అడిగారు.

"ఈ మందు గవర్నమెంటు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారంటండి. ఆమెకెవరూ చెప్పలేదా?"

నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నెలనెలా నా దగ్గరే కొనే మనిషిని వేరే చోటికి పంపాలని నాకెన్నడూ తోచలేదు.

ఆ చర్చిలో ఇప్పుడు పదో వంతు లెక్క లేదని విన్నాను. ఎవరి మనసుకు తోచినంత వాళ్ళు ఇవ్వచ్చు, ఇంట్లో జబ్బు మనిషి ఉంటే మందుచీటీ తెచ్చి చూపించి అందులోంచి డబ్బు తీసుకెళ్ళచ్చు. కానుకలు బాగా తగ్గాయట. కట్టడం మొదలెట్టిన గోడ అలాగే ఆగిపోయింది. దశమ భాగం ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి. ఇచ్చేవాళ్ళు ఏం మానుకుని ఇస్తున్నారో అడగకుండా తీసుకోకూడదని మాత్రం నాకు అర్థమైంది. చర్చి అయినా, షాపు అయినా.

ఇప్పుడు ఇన్సులిన్ కొనలేక తటపటాయించేవాళ్ళు కనిపిస్తే, ఉచితంగా ఎక్కడ ఇస్తారో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో చెప్పి పంపుతున్నాను. అది చెప్పడానికి అర నిమిషం పడుతుంది. సువార్తమ్మ ఆరేళ్ళు నా కౌంటరు ముందు నిలబడింది.