సున్న బండ మీద జెండా

పోయిన ఫిబ్రవరి పదకొండో తేదీ, బుధవారం, పగలు పదకొండుంపావుకు నా చేతికి జెండా ఇచ్చారు. టైము అంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, జెండా ఇచ్చిన సారు చేతి గడియారం చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు, రాసుకుంటూ పైకి చదివాడు. నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఇంతవరకూ ఏ పార్టీ జెండా పట్టుకోలేదు, పట్టుకోమని వచ్చినవాళ్ళను వాకిట్లోంచే పంపించాను. మా ఇంట్లో జెండా అన్న మాటే పనికిరాదు. ఎందుకో ముందు చెప్పకపోతే మిగిలింది అర్థం కాదు, కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను.

మాది అనంతపురం జిల్లాలో బెళుగుప్ప దాటి లోపలికి పోయే పల్లె. వేరుశనగ, అంటే మా చెనిక్కాయ, వేస్తాం, వాన కోసం చూస్తాం, ఏడాదిలో ఎక్కువ రోజులు రెండో పనే చేస్తాం. ఊరికి పడమర ఒక బోడిగుట్ట ఉంది. దాని నెత్తిన చదునైన బండ, బండ మీద ఉలితో చెక్కిన గుండ్రటి గీత, గీత నడుమ ఒక చుక్క. దాన్ని సున్న బండ అంటాం. ఇంగ్లీషు దొర చెక్కించాడని అందరికీ తెలుసు, అయినా మా ఆడవాళ్ళు దానికి పసుపు కుంకుమ పెడతారు, వాన ఆలస్యమైతే బిందెడు నీళ్ళు మోసుకెళ్ళి పోస్తారు. ఏ దేవుడమ్మా అని అడిగితే చెప్పలేరు, అడిగినవాణ్ణి మాత్రం తిడతారు. నేను యాభై మూడో ఏట మా కోడలి ముందు పలక పట్టుకుని కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజూ అరగంట. ఆ అమ్మాయి మామ అని కూడా చూడకుండా గద్దించేది. వర్ణమాల మొత్తంలో నాకు చూడగానే పట్టుబడింది ఠ. "ఇది నాకొచ్చు, గుట్ట మీద ఉండాది" అన్నాను. పాపం దొర ఎవడో మా గుట్ట మీద తెలుగు దిద్దుకోవడం మొదలుపెట్టి ఒక్క అక్షరానికే విసిగి వెళ్ళిపోయాడని చాలాకాలం నమ్మాను. నా అవస్థ చూసుకుంటే అతని మీద జాలి కూడా కలిగేది.

ఆ దొరకు జెండా పట్టింది మా వంశంలో ఒక తాత. ఎన్ని తరాల కిందటివాడో లెక్క తెలియదు, పేరూ తెలియదు, జెండా తాత అంటాం అంతే. ఇంగ్లీషువాళ్ళు దేశమంతా కొలిచిన రోజులవి. దొర ఈ గుట్ట మీద మా తాతకు ఒక జెండా కర్ర ఇచ్చి, చుక్క మీద నిలువుగా పట్టుకో, నేను చెప్పేదాకా కదపొద్దు అని, తాను అవతలి గుట్టకు పోయాడట. అక్కణ్ణించి దుర్భిణిలో చూశాడు, కొలత చూసుకున్నాడు, డేరా ఎత్తుకుని గుత్తి వైపు వెళ్ళిపోయాడు. చెప్పిపంపడం మరిచాడు. మా తాత మూడు రోజులు నిలబడే ఉన్నాడు. మూడో రోజు పొద్దు వాలేటప్పుడు ఒక బంట్రోతు వచ్చాడు. తాత కోసం కాదు, కర్ర కోసం.

అంతే కథ. కానీ మా ఊరివాళ్ళు దాన్ని ఇప్పటిదాకా వదల్లేదు. రేషన్ షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు, "ఏమప్పా, జెండా పట్టినావా?" అంటారు. బస్సు కోసం ఒక్కణ్ణే కనిపిస్తే, "దొర ఈ రోజు రాడంటన్నా, ఇంటికి పో" అంటారు. నా పెళ్ళి మాటలప్పుడు మా మామ నిండు సభలో, "పిల్లోడు నిలబడమంటే నిలబడే జాతి, మా పిల్లకు ఇంగేం కావల్ల" అన్నాడు. అందరూ నవ్వారు, మా నాయన తల వంచుకున్నాడు. మా నాయన మంచి మాటకారి, ఎవరికైనా దీటుగా బదులు చెప్పగలడు. ఈ ఒక్కదానికి మాత్రం ఆయన దగ్గర బదులు ఉండేది కాదు. చనిపోయే ముందు కూడా నాతో, "ఆయప్ప తెలివితక్కువోడు కాదురా, మాట మీద నిలబడినాడు" అన్నాడు. నమ్మమని నన్ను బతిమాలుతున్నట్టు ఉండింది.

ఇక సారు సంగతి. అనంతపురంలో సర్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చోలేక పాత సర్వే రాళ్ళు వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. ఆ కాలపు ఇత్తడి దుర్భిణి ఒకటి ఎక్కడో సంపాదించి బాగుచేయించాడు. దొరల మీద చాలా పుస్తకాలున్నాయనీ, వాళ్ళ పెట్టెలు మోసినవాళ్ళ మీద, జెండాలు పట్టినవాళ్ళ మీద ఒక్కటీ లేదనీ, అది తాను రాస్తాననీ చెప్పాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఎన్నో వింతలు చెప్పాడు. ఆ పాత దుర్భిణిలో లోకమంతా తలకిందులుగా కనిపిస్తుందట. దొర మన ఆడవాళ్ళను తలకిందులు చేసి చూస్తున్నాడని కొన్ని ఊళ్ళలో జనం రాళ్ళు పట్టుకుని తరిమారట. నా భార్య గడపలో చెనిక్కాయలు ఒలుస్తూ, "తరమకుండా మంగళారతి ఇస్తారా?" అంది.

అప్పుడు నేను జెండా తాత కథ చెప్పాను. సారు శ్రద్ధగా విన్నాడు, పెన్ను మాత్రం కదల్లేదు.

"కథ బాగుండాది పెద్దాయనా. కానీ నేను రాసేది చరిత్ర. మూడు రోజులు మనిషి ఒక్కడే ఆ బండ మీద ఎట్ల ఉంటాడు? ఎండ చూస్తిరి కదా. నీళ్ళెవరిచ్చినారు? కూడెవరు పెట్టినారు? చేయి కడుక్కోవాలన్నా కర్ర వదలాల కదా? అది అయ్యే పని కాదు."

కూడు, నీళ్ళ సంగతి నాకూ తెలియదు. మా నాయన చెప్పలేదు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఊరు మా తాతను వెర్రివాడంది. ఈయన ఇంకో మెట్టు ఎక్కి ఆయన అసలు నిలబడనే లేదంటున్నాడు. వెర్రివాడి మనవణ్ణని అనిపించుకోవడానికి అలవాటుపడ్డాను గానీ, అబద్ధాలకోరు మనవణ్ణి అంటే ఎలా ఊరుకుంటాను? అవతలి గుట్ట నుంచి చూడటానికి ఈ గుట్ట మీద జెండా పట్టే మనిషి కావాలని సారు అనగానే, "నేనే పడతా" అన్నాను. నా భార్య ఒలిచే చేతిని ఆపి నా వంక చూసింది. అది మంచి గుర్తు కాదు.

అలా పదకొండుంపావుకు కర్ర నా చేతికి వచ్చింది. ఎరుపు, తెలుపు పట్టీల పొడుగాటి కర్ర, కొసన ఎర్ర గుడ్డ. "చుక్క మీద, నిలువుగా. నేను ఫోన్ చేసేదాకా కదపొద్దు. గంటలో అయిపోతాది" అని సారు కారెక్కాడు. తోలేది ఆయన బావమరిది. అవతలి గుట్ట ఎదురుగా ఐదారు కిలోమీటర్లు. కారు దుమ్ము రేపుకుంటూ పోవడం చూశాను, ఆ తర్వాత దుమ్ము కూడా అణిగిపోయింది.

మొదటి గంట బాగానే గడిచింది. పైనుంచి ఊరు ఎంత చిన్నదో, దాని గురించి మనం ఎంత గొడవపడతామో అనుకున్నాను. రెండో గంటలో మోకాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టాయి. గాలికి గుడ్డ లాగుతుంటే కర్ర వాలుతోంది, నిలబెట్టాలంటే రెండు చేతులూ కావాలి. చెమట కంట్లో పడితే తుడుచుకునే దారి లేదు. నీళ్ళ బాటిలు నాలుగడుగుల దూరంలో ఉంది, కాశీ అంత దూరం అనిపించింది. ఫోన్ మోగలేదు. తర్వాత తెలిసింది, అక్కడ దారిలో తుమ్మముల్లు దిగి కారు టైరు పోయిందనీ, ఆ పల్లంలో సిగ్నల్ లేదనీ. నాకు అప్పుడు తెలిసింది ఒక్కటే, గంట అన్న మనిషి రెండు గంటలైనా పలకలేదు.

ఇంతలో మా చిన్నాయన కొడుకు గుట్ట సగం దాకా ఎక్కి వచ్చాడు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడు. టీ హోటల్ దగ్గర అందరూ పైకే చూస్తున్నారట.

"అన్నా! మళ్ళీ మొదలుపెట్టినావా?" అని అరిచాడు. "దొర పోయి ఎన్ని తరాలాయనో! దిగిరా! ఆ సారు యాడ బిరియానీ తింటాండాడో!"

"ఫోన్ చేస్తానన్నాడు. చేసినాక దిగుతా."

"నువ్వు దిగి నీళ్ళు తాగితే ఎవురు చూస్తారన్నా?"

"ఆయప్ప దుర్భిణిలో చూస్తాండాడేమో!"

"ఊరంతా చూస్తాండాది, అది చాల్లే నీకు! మన ఇంటి పేరు నిలబెట్టినావు పో!" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

వాడు పోయాక నిజం చెప్పాలంటే దిగాలనిపించింది. దిగితే సారు మాట నిజమవుతుంది, మనిషి నిలబడలేడని. దిగకపోతే ఊరి మాట నిజమవుతుంది, మేం వెర్రివాళ్ళమని. రెండింటి నడుమ చుక్క మీద నిలబడి ఉన్నాను.

రెండు కావస్తుండగా బండ అంచున మొదట ఒక గంప కనిపించింది, తర్వాత దాని కింద నా భార్య తల. అరవై నాలుగేళ్ళ మనిషి, ఎర్ర చీర కొంగు నడుముకు చుట్టి ఆయాసపడుతూ వచ్చింది. రావడమే తిట్లతో వచ్చింది.

"ఓ మనిషీ, ఇంట్లో లేవే, చేన్లో లేవే అని చూస్తే ఆకాశంలో ఉండావా! కండ్లు తిరిగి పడితే ఎవురు మోసేది నిన్ను? రా, తిను."

"కర్ర వదిలేదానికి లేదే."

"వదలమని ఎవురన్నారు? ఇట్ల తే." కర్ర లాక్కుని, కింది కొసను చుక్కలో సరిగ్గా నిలిపి, కాలి బొటనవేలితో ఒత్తిపట్టింది. నాకంటే నిలువుగా పట్టింది. వాన కోసం ఆ చుక్క మీద నీళ్ళు పోసిన చేతులు కదా, దాని లోతు ఆమెకు తెలుసు.

నేను బండ మీద చతికిలబడి చెంబెడు మజ్జిగ ఒక్క గుక్కలో తాగాను. సంగటి ముద్ద తుంచి ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని నోటి దగ్గరికి తెచ్చిన చేయి అక్కడే ఆగిపోయింది.

"ఏమే, జెండా తాతకు కూడెవరు తెచ్చింటారు?"

"ఎవురు తెస్తారు, దొరసాని తెస్తాదా? మీ అవ్వ తెచ్చింటాది. ఆయప్ప తినేటప్పుడు ఆయమ్మ పట్టుకోనింటాది. కునికేటప్పుడూ ఆయమ్మే."

"మరి మా ఇంట్లో ఎవరూ ఆ మాట చెప్పలేదే?"

"చెప్పేటోళ్ళంతా తిని మూతి తుడుచుకున్నోళ్ళే కదా" అంది కర్ర మీంచి చూపు తిప్పకుండా. "తిను, సల్లారిపోతాది."

సరిగ్గా అప్పుడే, రెండూ ఐదుకు, జేబులో ఫోన్ మోగింది. సారు గొంతు సంబరంగా, కొంచెం కంగారుగా ఉంది. టైరు సంగతి చెప్పి క్షమించమన్నాడు. "దొరికింది పెద్దాయనా, జెండా స్పష్టంగా కనపడతాండాది. కానీ మీరు యాడ? ఎర్ర చీర కట్టుకున్న ఆయమ్మ ఎవురో తలకిందులుగా పట్టుకోని ఉండాదే?"

"కదలొద్దే, నువ్వు తలకిందులుగా కనపడతాండావంట" అన్నాను.

ఆమె కదల్లేదు. "రానీ ఇంటికి ఆ సారును" అంది, అంతే.

సాయంత్రం ఇంటి ముందు టీ తాగేటప్పుడు, బండ మీద నా భార్య అన్నది చెప్పాను. సారు నోటుబుక్కు తీశాడు. ఈసారి పెన్ను కదిలింది. రాసింది నాకిచ్చాడు, కూడబలుక్కుని చదివాను: తాత నిలబడిన మాట నమ్మవచ్చు, భార్య కూడు తెచ్చి జెండా పట్టి ఉండాలి. "ఆమె పేరేంది?" అని అడిగాడు. తెలియదన్నాను. పేర్లు లేకుండా ఎట్ల రాసేదని నసిగాడు. దొర తన పుస్తకంలో మా తాత పేరు రాయలేదు, మేం మా కథలో మా అవ్వను చెప్పుకోలేదు, ఆ విషయంలో దొరకూ మాకూ తేడా ఏముందన్నాను. పెన్ను తీసుకుని ఆ వాక్యం కింద నా వంకర రాతతో అవ్వ అని రాశాను. టీ హోటల్ దగ్గర ఇప్పటికీ నన్ను జెండా పట్టినావా అంటారు. "నేను కాదప్పా, మా ఇంట్లో ఆడోళ్ళు పట్టినారు" అంటాను. మా నాయనకు దొరకని బదులు అది. విన్నవాళ్ళకు నవ్వాలో వద్దో తెలియడం లేదు.

ఆ రోజు ఉన్నవాళ్ళను వరసగా చెబుతాను, ఈసారి ఎవరూ తప్పిపోకూడదు. అవతలి గుట్ట మీద సర్వే సారు, ఆయన బావమరిది. మా గుట్ట సగం దాకా ఎక్కి దిగిపోయిన మా చిన్నాయన కొడుకు. బండ మీద నేను, నా భార్య. దాదాపు మూడు గంటలు నా పక్కనే నిలబడిన జెండా తాత. ఇన్ని తరాలుగా కూటి గంప నెత్తిన పెట్టుకుని ఎక్కుతూనే ఉండి, ఆ మధ్యాహ్నం రెండు గంటలకు పైకి చేరిన అవ్వ.