పురుగుల షెడ్డులో నా మంచం

మొన్న ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉంటే, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. పెద్దతిప్పసముద్రం పక్క పల్లె నుంచట, ఎవరో ఆడమనిషి. నా నంబరు ఎవరిచ్చారో చెప్పింది, మదనపల్లెలో పరీక్ష చేసి రక్తంలో హెపటైటిస్ సి ఉందన్నారని చెప్పింది, ఇక ఏమడగాలో తెలియక ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు బాగా తెలుసు. ఆరేళ్ళ కిందట నేనూ అట్లాగే నోట మాట రాక కూర్చున్నాను.

మాది పుంగనూరు దగ్గరి పల్లె. కాపురానికి వచ్చిన నాటి నుంచి మల్బరీ తోట, పట్టుపురుగులు, వీటితోనే బతికాను. దానితో పాటు నాకు ఆరా తీసే బుద్ధి ఒకటి ఉంది, దాచుకోవడం ఎందుకు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోగా ఆమెకు ఎందరు పిల్లలో, ఏ ఊరి సంబంధాలో, పొద్దున ఏం వండుకుని వచ్చిందో తెలుసుకోకపోతే నాకు తోచదు. నన్ను పోలీసు స్టేషనులో కూర్చోబెడితే కేసులన్నీ సాయంత్రానికి తేలిపోతాయని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

అలాంటిదాన్ని, కంట్లో పొర తీయించుకుందామని పోయి, ఆపరేషనుకు ముందు చేసిన రక్తపరీక్షలో ఈ జబ్బు బయటపడినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయాను. డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది, ఇది కాలేయానికి పట్టే వైరస్ అనీ, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే చాలామందికి పూర్తిగా నయమైపోతుందనీ. నా చెవిన పడింది మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్న మాట ఒక్కటే.

పురుగులు మేపినవాళ్ళకు ఆ మాట వింటే ఏం తోస్తుందో చెప్పనక్కరలేదు. తట్టలో ఒక్క పురుగు ఒళ్ళు ఉబ్బి పాలలాంటి నీరు కారిందంటే దాన్ని వెంటనే ఏరి సున్నం నీళ్ళలో పారేయాలి, చేతులు కడుక్కోకుండా పక్క తట్ట ముట్టకూడదు, ఏమరుపాటున ఉంటే రేపో మాపో గూడు కట్టబోయే పంటంతా మట్టిలో కలిసిపోతుంది. ఎన్నేళ్ళు ఆ పని చేశానో! ఇప్పుడు ఇంట్లో ఆ పురుగును నేనే అనుకున్నాను. మా ఆయనకు ఒక్కడికే సంగతి చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుని, పంట లేక ఖాళీగా ఉన్న షెడ్డులోకి మంచం మార్చుకున్నాను. నా కంచం, నా లోటా వేరు. చీరలు బ్లీచింగు నీళ్ళలో ముంచి నేనే ఉతుక్కునేదాన్ని. వంటింట్లోకి పోవడం మానేశాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పది రోజులకు ఆడపిల్ల పుట్టింది. మా ఇళ్ళలో బిడ్డకు నీళ్ళు పోయడం అమ్మమ్మ చెయ్యవలసిన పని. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నలుగు పెట్టి, చేతికి వేడి చూసుకుంటూ పోయాలి. మొదటి మనవరాలికి మూడు నెలలూ నేనే పోశాను. ఈ పిల్లకు ఎదురింటి ఆమె వచ్చి పోస్తుంటే, ఈగ రాకుండా షెడ్డు కిటికీకి కట్టిన వల వెనక నిలబడి చూసేదాన్ని. మా అమ్మాయి ఒకరోజు పచ్చి బాలింత ఒంటితో షెడ్డు గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ ఆడపిల్ల అనే కదమ్మా నువ్వు ముట్టుకోవడం లేదు అని అడిగి ఏడ్చింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను, నిజం చెప్పే ధైర్యం లేక ఒంట్లో బాగాలేదన్నాను. ఆమె నమ్మలేదు. బిడ్డకు నెల నిండగానే అత్తగారింటికి వెళ్ళిపోతానని మా ఆయనతో చెప్పిందట.

ఆ వారంలోనే మాత్రలు మొదలుపెట్టడానికి మదనపల్లె ఆసుపత్రికి పోయి బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దామె, కుప్పం దిక్కు పల్లె, మదనపల్లెలో కూతురింట్లో ఉండి ఇదే జబ్బుకు రెండో నెల మాత్రలు తింటోందని తరువాత తెలిసింది. నేను అడిగేలోగానే ఆమె నన్ను అడిగేసింది, ఈపొద్దు ఏం కూర చేసినావమ్మా అని. చెయ్యడం లేదన్నాను. యాల? ఎందుకు చెయ్యడం లేదు? అంది. నా జన్మలో నాకు ఎదురైన గట్టి పోటీ ఆమే. పావుగంటలో షెడ్డు, మంచం, బిడ్డ, అన్నీ నా చేత కక్కించేసి, నర్సు తిరిగి చూసేలా నవ్వింది.

"పురుగు రోగం యాడ, మన రోగం యాడ! నేనూ పురుగులు మేపినదాన్నే, నేనూ మొదట నెలంతా పశువుల కొట్టంలో కూసోని తినినా, పిచ్చిదాని మాదిరి. ఇది నెత్తురులో నుంచి నెత్తురులోకి పోతాదే గానీ, కంచంలో, లోటాలో, నీళ్ళలో పోదమ్మా."

నేను నమ్మీ నమ్మకుండా చూస్తుంటే, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ ముందుకు లాక్కుపోయి, అడుగు అంది. మనవరాలికి నీళ్ళు పోయవచ్చా అని అడిగాను. నిక్షేపంగా పోయవచ్చు, చేతికి గాయం ఉంటే కట్టు కట్టుకో, పళ్ళ బ్రష్షూ గోళ్ళ కత్తెరా మాత్రం ఎవరికీ ఇవ్వకు అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం మా అమ్మాయికి అంతా చెప్పాను. ముందు బాగా తిట్టింది, తరువాత బాగా ఏడ్చింది. మరునాడు పొద్దున పీట వేసి, బిడ్డను తెచ్చి తనే నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. వెచ్చటి ఆ బుజ్జి ఒళ్ళు కాళ్ళకు తగలగానే నాకు ఏడుపు ఆగలేదు, మా అమ్మాయే చెంబుతో నీళ్ళు అందించింది.

ఆసుపత్రి బెంచీ మీది ఆ పెద్దామె నాకు అక్క అయిపోయింది, ఆ తరువాత ప్రతి గురువారం ఫోను చేసేది. మాత్ర వేసుకున్నావా అన్నది ఒక్క మాట, మిగతాదంతా ఈ జబ్బు మాకు ఎక్కడ తగులుకుందోనన్న విచారణే. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సంతరోజు కాంపౌండరు సూదిని ఒక్కసారి గిన్నెలో ఉడకబెట్టి అందరికీ దానితోనే పొడిచేవాడు. అదేనని నేను, కాదు కాన్పులో ఎక్కించిన రక్తమని అక్క. ఎప్పటిదో ఎవరూ చెప్పలేరంది డాక్టరమ్మ. అయినా మేము వదల్లేదు, ఇద్దరికీ నయమైందని పరీక్షలో తేలాక కూడా.

అక్క గుండెజబ్బుతో పోయి రెండేళ్ళయింది. మల్బరీ పీకేసి టమోటా పెట్టాము, షెడ్డులో ఇప్పుడు క్రేట్లు ఉన్నాయి. ఆ సూదులు పోయాయి, మంచిదే. కాళ్ళు జాపుకుని నీళ్ళు పోసే అవ్వలు కూడా పోయారు, మొన్న పక్కింట్లో పసిబిడ్డకు ప్లాస్టిక్ తొట్టిలో పోస్తుంటే చూశాను. గురువారం మధ్యాహ్నం మాత్రం ఇప్పటికీ నా చెవి ఫోను వైపే ఉంటుంది.

ఆదివారం ఆ ఫోనులో అవతలి మనిషి ఇంకా ఊరుకునే ఉంది. మాత్రల గురించి, నయం కావడం గురించి చెప్పవలసింది చాలా ఉంది. అవేవీ కాక, నా నోటికి అక్క మాటే వచ్చింది.

ఈపొద్దు ఏం కూర చేసినావమ్మా అని అడిగాను.

వంటింట్లోకి పోవడం లేదక్కా అంది.

యాల? అన్నాను.