తొట్టెల తయారైంది, రమ్మన్నడు

నిన్న పొద్దున ఛాయ్ కప్పు చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది. మా అక్క కొడుకు చంద్రం. "చిన్నమ్మా, బాపు పోయిండు" అన్నడు.

ఏ బాపు అని అడిగిన. నిజంగా అట్లనే అడిగిన.

మొన్ననే కదా, వీడియో కాల్‌లో నా మనవడిని తిట్టిండు, కారు తలుపు అంత జోరుగ ఎందుకు ఏస్తవురా అని. ఆ మనిషి పోవుడేంది?

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా ఏడుస్తనే పోయిన. ఇయ్యాల తిరిగి వస్తుంటే మాత్రం ఒకటే నవ్వు. నాకేమన్న అయిందేమో అని మా కోడలు పరేషాన్.

అందుకే ఈ పోస్ట్. ఉత్త ఏడుపు పోస్ట్ పెడితే మా బావ లేచి వచ్చి తిడతడు.

మా రాజలింగం బావ. మేనత్త కొడుకు, మా అక్క సత్తెమ్మ మొగుడు. పందొమ్మిది వందల అరవైలల్ల కరీంనగర్‌లో రేకుల షెడ్డు ఏసుకొని పాత కార్ల బాడీలు బాగు చేసేటోడు. ఇప్పుడైతే స్టైల్‌గా రెస్టోరేషన్ అంటున్నరు. అప్పుడు పిచ్చి అనేటోళ్లు.

మొదటి కారుకు తుప్పు పట్టిన భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తే, బాడీ మొత్తం మెలి తిరిగింది. తలుపు పడలే. ఓనర్ దాన్ని తాడుతో కట్టుకొని జగిత్యాల దాకా పోయిండు. ఆ రోజు నుంచి మా బావ పేరు తాడు మిస్త్రీ.

మా బాపుకు తల కొట్టేసినట్టయింది. హుజూరాబాద్ నుంచి వచ్చి ఒకటే మాట చెప్పిండు. ఇంకొక్క కారు చూస్త, దాని తలుపులు సక్కగ పడకపోతే షెడ్డు మూసి, అక్కను తీసుకొని వచ్చి మా పొలం, ఎవుసం చూసుకోవాలె అని.

బావ సరే అని మాట ఇచ్చేసిండు. షెడ్డు పోతే అక్కదీ పోయినట్టే. ఆమె అప్పటికే ఆ షెడ్డులో సగం మిస్త్రీ. రేకుకు ఒక కొస బావ పట్టుకుంటే ఇంకో కొస ఆమెదే.

ఆ ఇంకొక్క కారు మంథని దిక్కు ఒక దొరది. నిజాం కాలం నాటిది. పశువుల కొట్టంలో పడి ఉంటే సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతున్నయట. అడుగు రేకు వేలితో పొడిస్తే రాలిపోయేది.

ఈసారి బావ ముందే కోయలే. ఇనుప యాంగిళ్లతో ఒక పెద్ద చట్రం కట్టిండు. బాడీని అందులో దించి, నాలుగు దిక్కులా బోల్టులతో బిగించిండు. ఎంత కోసినా, ఎంత కాల్చినా అది ఇసుమంత కూడా కదలొద్దు.

దాన్ని జిగ్ అంటరని నాకు ఈ మధ్య యూట్యూబ్ చూస్తే తెలిసింది. బావ పెట్టిన పేరు తొట్టెల. పసిపిల్లను పండబెట్టినట్టు బాడీని పండబెడతం కదా, అందుకు.

పని మొత్తం అయినంక, బోల్టులు విప్పేది మామ ముందటనే, అంటే మా బాపు ముందటనే అని పట్టు పట్టిండు. బస్ కండక్టర్‌తో మా ఇంటికి కబురు పంపిండు.

"తొట్టెల తయారైంది, అందర్ని రమ్మన్నడు."

ఇగ చూడాలె మా ఇంట్ల.

పెళ్లయి మూడేండ్లాయె, అక్కకు పిల్లల్లేరు. మమ్మల్ని కన్న అవ్వ మొక్కని దేవుడు లేడు. తొట్టెల అనంగనే ఆమె ఉన్నకాడనే కూలబడి ఏడ్చింది. బిడ్డ నెల తప్పింది, అల్లుడు ఆగలేక అప్పుడే తొట్టెల చేయించిండు అని ఆమె లెక్క. నేనైతే వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చిన.

తెల్లారి బస్సుల మేము. పచ్చగాజులు, గారెల గంప, తొట్టెల్లో పరచనీకి మెత్తటి పాత చీరలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. బాపు తెలిసినోళ్లకూ తెలియనోళ్లకూ గారెలు పంచుడే పంచుడు.

షెడ్డుకు పోయినం. అవ్వ లోపలికి తొంగి చూసి, "తొట్టెలేదయ్యా?" అన్నది.

బావ రొమ్ము విరుచుకొని ఆ ఇనుప చట్రం చూపిచ్చిండు. "గిదే అత్తా. ఎట్లున్నది?"

అవ్వ చేతిలో చీరలు చేతిలోనే ఉన్నయి. అక్కకు అప్పుడు సంగతి అర్థమైంది. ఆ చీరలు చూసి మొఖం పక్కకు తిప్పుకున్నది. ఇది ఎన్నిసార్లు చెప్పుకొని నవ్వుకున్నమో. కానీ ఆ ఒక్క నిమిషం మాత్రం ఎవ్వరికీ నవ్వు రాలే.

బాపు కండ్లు ఎర్రగైనయి. ఆయన నోరు తెరిచేలోపు బావ గబగబ బోల్టులు విప్పుడు పెట్టిండు. పక్క దుకాణాలోళ్లు ఉరికొచ్చి బాడీని లేపిండ్రు, చక్రాలున్న ఛాసీ మీద కూసోబెట్టిండ్రు.

ఇగ తలుపు ఏసుడే మిగిలింది. షెడ్డు, మాట, అక్క కాపురం, అన్నీ ఆ తలుపు మీదనే.

బావ ఏయలే. అక్క దిక్కు చూసిండు.

"సత్తెమ్మా, నువ్వే ఎయ్యి. జోరుగ గాదు. రెండు వేళ్లతోని."

అక్క కొంగుతో కండ్లు తుడుచుకొని రెండు వేళ్లతో నెట్టింది.

టక్.

అబ్బ, ఆ సప్పుడు! షెడ్డంతా ఒకటే లొల్లి. బాపు నమ్మలే. తనే తీసిండు, తనే ఏసిండు, మళ్ళ తీసిండు. నాలుగు తలుపులూ అయినంక కార్లో కూసున్నడు, ఇగ దిగడే. ఎవుసం మాట మళ్ళ ఎత్తలే.

అవ్వ పచ్చగాజులు అక్కకు తొడిగింది. పాత చీర మాత్రం తీసుకపోయి ఆ ఇనుప తొట్టెలకే కట్టింది.

"తెచ్చింది వాపస్ తీస్కపోను. గీ తొట్టెలకే వస్తడు మనుమడు" అన్నది.

వచ్చిండు కూడా. మరుసటేడు చంద్రం పుట్టిండు. ఆ చట్రానికి కట్టిన చీరలోనే, సుత్తి దెబ్బల సప్పుడుకు హాయిగ నిద్రపోయేటోడు. తాడు మిస్త్రీ కాస్తా తొట్టెల మిస్త్రీ అయిండు.

నిన్న సాయంత్రం బావను ఎక్కించినంక, వైకుంఠ రథం వెనక తలుపు పడలే. డ్రైవర్ ధడేల్ ధడేల్‌మని ఏస్తుండు. సరిగ్గ లేవలేని మా అక్క కర్ర పట్టుకొని లేచొచ్చింది.

"ఆగు బిడ్డా. గట్ల గాదు."

తలుపును జర పైకి లేపింది. రెండు వేళ్లతో నెట్టింది.

టక్.

ఏడుస్తున్న మేమందరం ఆగిపోయినం. అక్క మాత్రం తలుపు మీద నుంచి చెయ్యి తీయలే.

పోయిరా బావా. నువ్వు పోయిన కాడ ఏ తలుపూ నీకు బిర్రుగ ఉండొద్దు. సల్లగ పండుకో.