అమ్మ గుండెలు బాదుకున్న రోజు

మా అమ్మ పసరు వైద్యుణ్ణి కొబ్బరిమట్టతో కొట్టింది. వీపు మీద, మోకాళ్ళ మీద, అతను అరుగు దిగి పారిపోతుంటే పిక్కల మీద. మట్ట విరిగితే ఇంకోటి అందుకుంది. పి.గన్నవరంలో మా వీధి వీధంతా చూసింది గానీ ఒక్కరూ అడ్డు రాలేదు. నాకైతే ఇంకో నాలుగు తగిలితే బాగుండుననిపించింది.

అతన్ని పిలిపించిందీ అమ్మే. నా కుడి రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలి, రొమ్ము తీసెయ్యాలని అమలాపురం డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడకు నిద్ర లేదు. "కొయ్యకుండా కరిగించేస్తాడంటండీ. చాలామందికి తగ్గించేడంట" అని నాన్నగారి దగ్గర ఒకటే పోరు. కత్తంటే నాకూ భయమే, నోరు మూసుకుని పడుకున్నాను. అతను ఆకులు నూరి గడ్డ మీద పట్టు వేసి, గుడ్డతో బిగించి కట్టాడు. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనన్నాడు. మంటా అది? ఒంటి మీద నిప్పులు పోసినట్టుంది. కట్టు విప్పితే గుడ్డతోపాటు తోలూ ఊడొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా సంగతి. ఆ పుండు చూశాకే అమ్మ పెరట్లోకి మట్ట కోసం వెళ్ళింది.

కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ అమ్మని నిలబెట్టి తిట్టింది. పుండు మానేదాకా ఆపరేషన్ చెయ్యడానికి వీల్లేదంది. ఈలోపు గడ్డ ఎక్కడిదాకా పాకుతుందోనని రోజూ చచ్చి బతికాం. ఆఖరికి రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గడ్డలతో సహా.

కట్టు మార్చేటప్పుడు నర్సు బయటికి పొమ్మన్నా అమ్మ కదల్లేదు. చూసింది. ఎముకల మీద సాగదీసి కుట్టిన తోలు, పక్కన గొట్టం, గొట్టంలో నెత్తురు. ఇక మొదలుపెట్టింది. రెండు చేతులా గుండెలు బాదుకుంటోంది, ఆ వైద్యుణ్ణి బాదినంత బలంగా.

"నా చేతుల్తో నేనే చేసేనే తల్లీ. నేనే చేసేను."

నర్సు పట్టుకున్నా ఆగడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి కూచుని ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. కుట్లు చీరుకుపోతున్నట్టున్నా వదల్లేదు.

"ఆపమ్మా. నాకు పాలిచ్చినవి అవి. వాటినెందుకు కొడతావు?"

అమ్మ రెండో చెయ్యి కూడా ఆగిపోయింది.