యంత్రానికి పెట్టిన స్థానబల పరీక్ష

చదరంగంలో బలగం వేరు, స్థానబలం వేరు అని జీవితమంతా వాదించినవాణ్ణి నేను. ఆ వాదానికి ఏకైక ప్రతివాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే నా మిత్రుడు. నేను అక్కడి బడిలో తెలుగు పండితుడిగా ఉన్న కాలంలో, ఆదివారాలు ఆయన మగ్గాల సాలలోనే మా ఆట సాగేది.

ముప్పయ్యేళ్ల కిందట ఒక ఆట తేలకుండా నిలిచిపోయింది. ఆయనకు నాకన్నా రెండు ఏనుగులు ఎక్కువ. నాకు మిగిలినవి రాజు, ఒక శకటు, బంట్లు. అయితే ఉభయుల బంట్లూ పలకకు అడ్డంగా, ముక్కుకు ముక్కు ఆనించి, కదలమని భీష్మించుకున్నాయి. సందులేని గోడకు ఆవల ఏనుగులెన్ని ఉంటేనేమి? సరిసమానమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చీర అంచుకు బుటాలు గీసుకునే గళ్ల కాగితం మీద ఆ స్థితిని దించి దాచుకున్నాడు.

మొన్న మిత్రుడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆయన కోడలు చీరల డిజైన్లు గీసే కంప్యూటరులో చదరంగం ప్రోగ్రామొకటి పెట్టిందట.

"యంత్రాన్నే అడుగుదాం రా, అయివారూ. తప్పినోడు మగ్గాల ముందర నిలబడి 'ఓడినా' అనల్ల. సరేనా?"

సరేనన్నాను. పద్యం తప్పు చదివినా తప్పని ఒప్పుకోని వంశం మాది. పందెం చిన్నదేమీ కాదు.

నేను మగ్గాల సాలకు చేరగానే కోడలు కాగితం చూసి తెర మీద పావులు పేర్చింది. రెప్పపాటులో యంత్రం తీర్పు చెప్పింది: మామగారిదే గెలుపు, అదీ భారీగా.

"సూసినావా! ఇంగేం సెప్తావ్?" అన్నాడు మిత్రుడు.

"అది తలలు లెక్కపెడుతోందప్పా, గోడను చూళ్లేదు. ఆడి గెలిచి చూపించమను."

ఆయన పక్షాన యంత్రం ఆడింది. నేను రాజును ఇటొక గడి, అటొక గడి జరుపుతూ కూర్చున్నాను. యంత్రం ఏనుగులు సంతలో దారితప్పిన ఎద్దుల్లాగా గోడ వెంబడి పోయాయి, వచ్చాయి, మళ్లీ పోయాయి. గెలుపు తనదేనన్న అంకె మాత్రం తెర మీద చెక్కుచెదరలేదు.

"మామా, యాబై ఎత్తులాయ. గెలుస్తాండానంటాది, ముందుకు మాత్రం పోదు" అని కోడలు నవ్వింది.

నేను లేచి స్థానబలం మీద ఉపన్యాసం అందుకున్నాను. నిఘంటువంతా కంఠస్థమైనా పద్యభావం అందని విద్యార్థితో యంత్రాన్ని పోల్చాను. నేతగాళ్లు మగ్గాలాపి మరీ విన్నారు.

మిత్రుడు మాత్రం కాగితాన్నే చూస్తున్నాడు. ఉన్నట్టుండి, "అమ్మా, నా రాజును గుర్రం మాదిరి దూకించు" అన్నాడు.

"రాజు దూకడు మామా. దీంట్లో ఒప్పుకోదు."

"ఆ పొద్దు మేమాడింది నాటు ఆట. దాంట్లో దూకుతాడు."

నిజమే. మా దేశవాళీ ఆటలో, ఒక్కసారి కూడా చెక్ పడని రాజుకు గుర్రంలాగా ఒకే ఒక దూకు ఉంటుంది. పేపర్లు చూసి లోకమంతా ఆడే ఆట నేర్చాక ఇద్దరమూ దాన్ని మరిచాం. నాటు ఆటను తెచ్చి, ఆ నియమమే ఎరగని యంత్రం ముందు పెట్టాం!

"మరి ఆ పొద్దే దూకకపోతివే?"

"తట్టింటే ఈ కాగితం ముప్పై ఏండ్లు ఎందుకు దాస్తా? నువ్వే సెప్పు అయివారూ, ఆ పొద్దు నా రాజుకు ఒక్క చెక్కన్నా పెట్టినావా?"

కాగితంలో ఆ సంగతి లేదు. ఆయనకూ గుర్తు లేదు; తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెట్టానంటే పందెం నాదే. కానీ ఆనాడు ఉదయం నుంచీ గోడ కట్టుకోవడమే సరిపోయింది. ఆయన రాజు వైపు కన్నెత్తి చూసే తీరిక నాకెక్కడిది?

"లేదప్పా" అన్నాను.

ఆయన అసలు పలక తెచ్చి, పావులు పేర్చి, రాజును రెండు వేళ్లతో ఎత్తి గోడకు ఈవల దించాడు. వెనకనుంచి నా బంట్లు ఒకటి తరవాత ఒకటి రాలాయి. ఏనుగులకు దారి పడింది.

మగ్గాల ముందర నిలబడి "ఓడినా" అన్నాను.

"ఏమి సామీ, వెనక గుంతమగ్గానికి ఇనపడలేదంట!" అని ఎవరో అరిచారు.

తరగతిలో చివరి బెంచీని అదిలించే గొంతు తీసి, రెండోసారి చెప్పాను.